ఇథిలీన్ కార్బొనేట్‌కు వాసన ఉండదు

మేం పనిచేసే భవనంలో పద్నాలుగు అంతస్తులు. అన్నిట్లోనూ సాఫ్ట్‌వేర్ వాళ్లే. రెండో అంతస్తులో ఒక మూల మాత్రం మేము, బ్యాటరీల వాళ్లం. తెల్లకోటు వేసుకుని లిఫ్ట్ ఎక్కితే బీపీ చూస్తారా అని అడిగినవాళ్లున్నారు.

బ్యాటరీలో పోసే ద్రవం కలపడం నా పని. అందులో ముఖ్యమైనది ఇథిలీన్ కార్బొనేట్. చలికాలం సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, వేడినీళ్లలో పెట్టి కరిగించుకోవాలి. మే నెలలో ఏసీ ఆపిన ఆదివారాలు దానంతటదే కరిగిపోతుంది. లిథియం లవణాన్ని ఇట్టే కరిగించుకుంటుంది. బ్యాటరీని మొదటిసారి చార్జ్ చేసినప్పుడు ఇందులో కొంత విరిగిపోయి, లోపలి గ్రాఫైట్ మీద పాల మీద మీగడలా పొర కడుతుంది. కంటికి కనిపించనంత పల్చటి పొర. ఆ తర్వాత బ్యాటరీని కాపాడేది అదే. ఒక్కదాన్నే పోస్తే మరీ చిక్కగా ఉంటుందని, తేలిగ్గా ఆవిరయ్యే వేరే కార్బొనేట్లు కలుపుతాం. వాసన వాటిదే. దీనికి వాసన ఉండదు.

నాకైతే ఏ వాసనా రాదు. రెండోసారి కరోనా వచ్చి పోయినప్పుడు ముక్కును వెంట తీసుకుపోయింది. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. రెండేళ్లు దాటింది. కూకట్‌పల్లిలో మా ఇంట్లో పాలు మాడి గిన్నె నల్లబడితే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నాకు ముక్కు మీద కోపమని మావాళ్లు అనేవారు. ముక్కుతోపాటు కోపమూ పోయింది. అన్నం తింటాను, ఏం తిన్నానో గుర్తుండదు. దానికి బాధ కూడా లేదు.

ఆఫీసులో చెప్పలేదు. ల్యాబ్‌లో గోడ మీద ఉన్న అలారం హైడ్రోజన్‌కు మాత్రమే మోగుతుంది. ద్రావకం కారితే ముందు తెలియాల్సింది మనిషి ముక్కుకే. ముక్కు పనిచేయదంటే నన్ను ఆ బల్ల దగ్గర నిలబడనివ్వరు, కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. పదకొండేళ్లు చేతులతో చేసిన పని అది. అంతకుమించి నాకేమీ రాదు.

అందుకని ఒక ఉపాయం పన్నాను. పొద్దున్నే ల్యాబ్ తుడవడానికి ఒకావిడ వచ్చేది. నార్సింగి అవతలి మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఒకరోజు సీసా చూసి, "గిది ఏంది మేడం, పటిక లెక్కున్నది?" అంది. మామిడికాయలు మగ్గబెట్టే ఇథిలీన్ గ్యాస్ దీనికి అవ్వ అన్నాను. దానికి ఆక్సిజన్ చేరిస్తే ఇథిలీన్ ఆక్సైడ్, దవాఖానల్లో పరికరాలను శుభ్రం చేసే గ్యాస్. దానికి నీళ్లు కలిస్తే కారు రేడియేటర్‌లో పోసేది, బొగ్గుపులుసు వాయువు కలిస్తే ఇది. అంతా విని, "అంటే మామిడిపండ్లకు సుట్టమే" అంది. ఆమె అంటే నాకిష్టం.

నేను రాగానే ఆమెను అడిగేదాన్ని. "ఏమక్కా, ఏమన్నా వాసనొస్తాందా?"

"ఏం లేదు మేడం, మంచిగున్నది."

ఏడాదిపాటు ఆ మాట నమ్ముకునే పని మొదలుపెట్టాను. ఆ చివర్లో ఒకసారి ఆమె తలనొప్పి అంటే ఎండ దెబ్బేమో అని నా బ్యాగులోంచి మాత్ర ఇచ్చాను.

ఒకరోజు ఉదయం ఏసీ మెకానిక్ వచ్చాడు. తలుపు తీసి, అక్కడే ఆగి, చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. "మేడం, జర బయటికి రాన్రి. పెయింట్ డబ్బా తెరిచినట్టు గుప్పుమంటుంది."

చూస్తే, వాడేసిన ద్రావకం పోసే డబ్బా. బల్ల కింద అరలో ఉంటుంది. మూడు వారాల కిందట దాని మూతకు రింగు మార్చింది నేనే. అసలు రింగు దొరక్క మామూలు నల్ల రబ్బరు రింగు పెట్టాను. ఈ ద్రావకాలకు ఆ రబ్బరు ఉబ్బిపోతుందని కొత్తవాళ్లకు చెప్పేదాన్నీ నేనే. రింగు ఉబ్బి మూతలోంచి బయటికి వచ్చి ఉంది.

మేనేజర్ వచ్చి తుడిచే ఆవిడను అడిగారు. "నీకు వాసన రాలేదా అమ్మా?"

"వచ్చింది సార్. పది పదిహేను దినాలైతుంది."

"నేను దినాం అడుగుతాంటి కదక్కా," అన్నాను.

ఆమె నేల చూసింది. "నేను మంచిగ తుడుస్తలేనని అడుగుతున్నరనుకున్న మేడం. వాసనున్నదంటే పనిల నుంచి తీసేస్తరని లేదన్న. ఫినాయిల్ ఇంకింత ఎక్వ పోసిన. గా మూలకు పోతే తల తిరుగుతుండె."

ఆమెను దవాఖానకు పంపారు. ఏమీ కాలేదన్నారు. సాయంత్రం మేనేజర్ నా దగ్గరికి వచ్చి, "ఆవిణ్ణి మార్చమని ఏజెన్సీకి చెప్పానండి. వాసన వచ్చినా చెప్పని మనిషిని ల్యాబ్‌లో ఎలా ఉంచుతామండి?" అన్నారు.

"సరే సార్," అన్నాను.

అంతే అన్నాను. కూర్చుని నివేదిక రాశాను. తప్పు రింగు పెట్టింది నేనేనని రాశాను. ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదన్న గడి మాత్రం ఖాళీగా ఉంచాను. రెండు రోజులు అది ఖాళీగానే ఉంది. నేను ఇంటికి వెళ్లి తిని పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

మూడో రోజు మేనేజర్ దగ్గరికి వెళ్లి నా ముక్కు సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ముందే చెప్పాల్సిందండి," అని, సోమవారం నుంచి డేటా పని చూడమన్నారు. ఆమె సంగతి అడిగితే, "వేరే మనిషి వచ్చేసిందండి," అన్నారు.

రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. ఇంకా ఎక్కడా పని కుదరలేదంది. నాకు వాసన రాదని, అడిగింది ఆమె పని గురించి కాదని, నా ఉద్యోగం పోతుందన్న భయంతో దాచానని, ఆమెను తీసేస్తున్నారని తెలిసి కూడా సరే అన్నానని, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"అయ్యో మేడం, గీ మాట నాకు ముందుగాల చెప్పేదుండె," అంది. "నాకైతే మంచిగనే వాసనొస్తది గద. దినాం నేనే సూసి చెప్తుంటి."

ఫోన్ చెవికి ఆనించుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఆమె అవతల హలో, హలో అంటూనే ఉంది.