అత్తమ్మ గోడ మీది గొప్పవాళ్ళు

నా చిన్నప్పుడు నేను ఫొటోలలోని మనుషులతో మాట్లాడేదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తొంభైలలో మేము బహ్రెయిన్‌లో, నయీమ్ అనే పేటలోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. పై ఫ్లాట్‌లో ఉండే అత్తమ్మ మాకు చుట్టం కాదు. మా జిల్లా ఆవిడే అని తెలిశాక అమ్మ వరుస కలిపేసింది. పెళ్ళికి ముందు అత్తమ్మ స్కాలర్‌షిప్ మీద ఎక్కడో మంచు కురిసే దేశంలో, ఒక పెద్ద యూనివర్సిటీలో చదువుకుంది. ఆమె ముందుగది గోడకు ఒక పొడుగాటి ఫ్రేము ఉండేది. ఆ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్ళలో, చదువుకుని వెళ్ళినవాళ్ళలో ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే బహుమతులు గెలిచినవాళ్ళ ఫొటోలు అందులో వరుసగా ఉండేవి. అత్తమ్మ వంటింట్లోకి వెళ్ళగానే నేను వాళ్ళతో గుసగుసగా కబుర్లు మొదలుపెట్టేదాన్ని. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్లను. వాళ్ళయితే తిరిగి ఏమీ అడగరు కదా. స్కూలు లైబ్రరీలో వాళ్ళ గురించి దొరికిందల్లా చదివాను. స్నేహితుల గురించి ఆ మాత్రం తెలియకపోతే ఎలా అనిపించేది.

శుక్రవారం సెలవు. ఆ రోజు అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బెండకాయలు తరుగుతూ, ఆ ఫొటోలవాళ్ళ కథలు చెప్పేది. కొన్నాళ్ళకు ఆ కథల్లో తప్పులు దొర్లడం మొదలైంది. శాంతి కోసం పాటుపడిన ఆవిడ రసాయనశాస్త్రంలో బహుమతి గెలిచిందనేది. ఒకరి ఊరు మరొకరికి అంటగట్టేది. నేను ఆమె ముఖంలోకి చూసి తల దించుకునేదాన్ని. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదని మా ఇంట్లో నేర్పారు. అత్తమ్మ అక్కడ చదివి వచ్చిన మనిషి, నేను చదివిన పుస్తకమే తప్పేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక శుక్రవారం మాకు తెలిసిన తెలుగు కుటుంబాలన్నీ రిఫా అనే ఊళ్ళో ఒకరి విల్లాలో కలిశాయి. పిల్లలకు తన యూనివర్సిటీ గురించి చెప్పమని ముందే అడగడంతో, అత్తమ్మ ఆ ఫ్రేము మోసుకొచ్చి సోఫా మీద నిలబెట్టింది. ఆ ఇంటి పెద్దాయనకు ఎదుటివాళ్ళను ఆటపట్టించడం సరదా. ఎవరు ఏది తప్పు మాట్లాడినా వదిలేవాడు కాదు.

"అంత దూరం పోయి చదివినవ్. ఆఖరికి పప్పుల పోపు ఏసుడేనా చెల్లె?" అన్నాడు నవ్వుతూ.

"ఆ పోపు వాసనకే గదా అన్నా, మీరు వంటింటి దిక్కు తిరుగుతున్నరు!" అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. ఆయన మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, చెవులు రిక్కించి కూర్చున్నాడు.

అత్తమ్మ కళ్ళద్దాల ముసలాయన ఫొటో మీద వేలు పెట్టింది. "ఈయన మా యూనివర్సిటీల పాఠాలు చెప్పేటోడు. కొత్త నక్షత్రం కనిపెట్టి బహుమతి తెచ్చుకున్నడు."

ఆయన జీవితమంతా గోధుమ పైరు తెగులు మీద పనిచేసిన మనిషి. ఊరుకుంటే ఈ పెద్దాయన పట్టుకుంటాడు, ఇక ఏళ్ళ తరబడి అత్తమ్మ చదువును ఎగతాళి చేస్తాడు. చెబితే అంతమందిలో ఆమె తలవంచుకునేలా చేసింది నేనే అవుతాను. మెల్లగా వెళ్ళి ఆమె కొంగు లాగాను, చెవిలో చెప్పేద్దామని.

"చెవుల కాదు. అందరికి ఇనబడేటట్టు చెప్పు," అంది అత్తమ్మ.

"నక్షత్రం కాదత్తమ్మా... గోధుమలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గోధుమలా! చూసినవా చెల్లె, చిన్నపోరి పట్టేసింది!" అని పెద్దాయన తొడ చరిచాడు.

అత్తమ్మ ముఖం చిన్నబోలేదు, వెలిగిపోయింది. "అయితే ఆ గోధుమల కథ నువ్వే చెప్పు" అని నన్ను ముందుకు తోసింది. చెప్పాను. మొదట నేలను చూస్తూ, తరవాత ఫొటోను చూస్తూ, చివరికి మనుషులను చూస్తూ. అయిపోయాక అత్తమ్మ తన చేత్తో కప్పులో చాయ్ పోసి, పెద్దవాళ్ళకంటే ముందు నాకు ఇచ్చింది. బోర్డు మీద మాస్టారు తప్పు రాస్తే, పట్టుకున్న విద్యార్థికి ఆయనే చాయ్ తాగించడం వాళ్ళ యూనివర్సిటీలో ఆచారమట. బహుమతులు గెలిచిన మాస్టార్లు కూడా తాగించేవారట. పెద్దాయన తన ఖాళీ కప్పును చూసుకుని, "మాకు గిసొంటి యూనివర్సిటీ లేకపాయె," అన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎన్ని శుక్రవారాల సంది కావాల్నని తప్పులు చెప్తున్ననే! నీ కనుబొమ్మలు ముడుచుకుంటయి గని నోరు తెరుచుకోదు. ఇయ్యాల తెరవకపోతే నా ఇజ్జత్ పోవుడే!"

అప్పుడు నాకు కోపం వచ్చింది. కోపంగానే ఆమె భుజం మీద తల ఆనించి నిద్రపోయాను.

ఇప్పటికీ నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. డైరీలో రాసినంత ధారాళంగా ఎక్కడా పలకలేను. కానీ కళ్ళముందు ఒక తప్పు సాగిపోతుంటే లోపల ఏదో నన్ను ముందుకు తోస్తుంది. మర్యాద అంటే మౌనం ఒక్కటే కాదని, ప్రేమ ఉన్నచోట సరిదిద్దడం కూడా మర్యాదేనని ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడు అత్తమ్మ భర్త, మా మామ ఉద్యోగం వేరే దేశానికి మారింది. వాళ్ళు వెళ్ళేరోజు మామ "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటే అత్తమ్మ కారు అద్దం దించి, నా చెంప నిమిరింది.

"అందరు నా లెక్క సంబురపడరు బిడ్డా. అయినా చెప్పు."