పేరు మీద పడిన నింద

చనిపోయిన బిడ్డ పేరు ఇంకో బిడ్డకు పెట్టవచ్చునా అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? పంచాంగం చూడమంటారా, పెద్దల్ని అడగమంటారా, అపశకునపు మాటలు మనకెందుకని ఫోను పెట్టేస్తారా?

శ్రీకాకుళంలో ఉంటున్న నాకు మొన్నామధ్య మా అక్క కూతురు గజపతినగరం నుంచి ఫోను చేసి అదే అడిగింది. కొడుక్కి ఆడపిల్ల పుట్టి వారమైందట. ఎక్కడా వినని పేరు, అర్థమున్న పేరు కావాలని కోడలు పట్టుబట్టిందట.

"అమ్మ పోయేముందు ఓ పేరు సెప్పింది మావయ్యా, జిజ్ఞాసట. నాకు ముందు పుట్టి పోయిన పిల్లకి నువ్వెట్టిన పేరట. కోడలికి తెగ నచ్చేసినాది. నాకే బయ్యంగా ఉన్నాది. పిల్లకి నప్పుతాదంటావా?"

ఆ పేరు అక్క నోట మళ్లీ ఎన్నడూ వినలేదు నేను. మరిచిపోయిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ పేరు పెట్టినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. విజయనగరంలో కాలేజీలో చదువుకుంటూ, సాయంత్రం కాగానే చర్చా సభలకు పరుగెత్తి, జాతకాలనూ ముహూర్తాలనూ చీల్చి చెండాడి, నాలుగు చప్పట్లు పడితే ఆకలి కూడా మరిచిపోయే వయసు. అక్కను గజపతినగరం దగ్గర పల్లెలో, వరీ చోడీ పండించుకునే ఇంటికి ఇచ్చారు. మాకు అమ్మ లేదు కనుక కాన్పులన్నీ అత్తవారింట్లోనే. మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టిందని తెలిసి సెలవు పెట్టి వెళ్లాను.

పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే మా వైపు ఒక పని చేస్తారు. చేటలో పడుకోబెట్టి, గుప్పెడు తవుడుకు పక్కింటివాళ్లకు అమ్మినట్టు చేసి, మళ్లీ తెచ్చుకుని, తవిటమ్మ అనో తవిటయ్య అనో పేరు పెడతారు. అంత చవకబారు సరుకు మీద చావు చెయ్యి వేయదని నమ్మకం. అక్క అత్తగారు చేట కడిగి సిద్ధంగా ఉంచింది. మనిషి బిడ్డకు వెల తవుడా అని నేను అరుగెక్కాను. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, అంతకంటే ఆడపిల్లకు ఏం ఇవ్వగలరు మీరు అని రోజుల తరబడి వాదించాను. పొలం నుంచి వచ్చినవాళ్లు చుట్టలు కాల్చుకుంటూ వినేవారు.

"ఒరే బామ్మర్దీ, ఆ పేరు మావోళ్లకి నోరు తిరిగేలోపు పిల్ల పెళ్లీడుకొచ్చేస్తాది" అని బావ నవ్వేవాడు.

అత్తగారు నవ్వలేదు. "నీ సదువు నీకాడుంచుకో నాయినా. ఇద్దర్ని కప్పెట్టిన సేతులివి. పేరు మంచిదైతే ఏటి, పిల్ల ఉండాల గానీ" అంది.

ఎనిమిదో రోజున లోపలి గదిలోంచి అక్క, తమ్ముడు చెప్పిన పేరే పెడదామంది. బావ తలూపాడు. నేను గెలిచాను. బారసాల దాకా ఆగలేక అక్క ఆ పూటే బిడ్డ చెవిలో ఆ పేరు చెప్పిందట. మర్నాడు ఉదయం బిడ్డ దవడలు బిగుసుకుపోయి పాలు పట్టలేదు. చూస్తూండగానే ఒళ్లు విల్లులా వంగిపోయింది. పొద్దుగూకేసరికి పోయింది.

"ఆ పేరే మింగేసినాది తల్లీ" అంటూ అత్తగారు అక్క వీపు నిమిరింది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

రెండేళ్ల తరవాత నాలుగో కాన్పుకు బావ ఆస్పత్రి నర్సమ్మను పిలిచాడు. ఆవిడ నెలలు నిండకముందే అక్కకు రెండు సూదులు వేసింది, బొడ్డు కొత్త బ్లేడుతో కోసింది. పెరట్లో చేతులు కడుక్కుంటూ, నీళ్లు పోస్తున్న నన్నొక్కణ్ణే, ముందు పిల్లలు ఎన్నో రోజున పోయారని మామూలుగా అడిగింది. ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది. బొడ్డు మీద ఏం వేశారని అడిగింది. పిడకల బూడిద. అది ధనుర్వాతమని రెండు ముక్కల్లో తేల్చేసింది. నేను అరుగు మీద కారణవాదం దంచుతున్నన్ని రోజులూ, గోడకు అవతల అత్తగారు ప్రేమగా ఆ బూడిద అద్దుతూనే ఉంది. ప్రశ్నించడం నేర్చుకున్నానని విర్రవీగినవాణ్ణి, ఆ రెండు ప్రశ్నలూ అడగలేదు. పేరు కోసం పోట్లాడాను, పిల్లను చూడలేదు.

ఈసారి చేటలో వేసి తవుడుకు అమ్మి తెచ్చుకున్న ఆ బిడ్డ బతికింది, ఇప్పుడు నాకు ఫోను చేసిన మేనకోడలు అదే. ఊరంతా తవుడు మహిమ అంది. తవిటమ్మ అని అక్క రోజుకు పదిసార్లు గొంతెత్తి పిలిచేది. అక్కకు నిజం చెబితే, ముగ్గురు పిల్లలు పోయింది అత్తగారి చేతి వల్లనీ, పక్కనే ఉండి తను చూస్తూ ఊరుకుందనీ చెప్పినట్టవుతుందని నోరు మూసుకున్నాను. దాన్ని దయ అనుకున్నాను. పిరికితనం. మంచి పేరు ఆశపడి బిడ్డను చంపుకున్నానన్న నమ్మకంతోనే అక్క వెళ్లిపోయింది.

అందుకే మేనకోడలు పేరు అడిగితే, బొడ్డు మీద ఏం రాశారని అడిగాను.

"ఆస్పత్రోళ్లు ఏటీ రాయొద్దన్నారు గానీ, పచ్చిగా ఉన్నాదని నిన్న కోడలి తల్లి కాసింత బూడిద అద్దింది మావయ్యా. పేరడిగితే బొడ్డు గొడవేటి?"

ఆ వయసులో అరవని అరుపు ఇప్పుడు అరిచాను. ఆ పూటే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. బొడ్డు చుట్టూ ఎర్రబడిందట. నాలుగు రోజులు ఉంచి మందులిచ్చి పంపారు. ఇల్లు చేరాక మేనకోడలు మళ్లీ ఫోను చేస్తే, పేరు ఎవరినీ చంపలేదు, పెట్టుకోండి అని చెప్పి, జరిగిందంతా చెప్పాను.

"ఇది అమ్మకి సెప్పలేకపోయావా మావయ్యా?" అంది.

అక్కకు చెప్పనిది మీకు రాస్తున్నాను. మన కాలంలో చేటలో తవుడు ఉండేది. ఇప్పుడు ఫోనులో వెయ్యి పేర్లూ వాటి అర్థాలూ ఉన్నాయి, కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి, అయినా ఇల్లు చేరగానే ఏదో ఒక చెయ్యి బూడిద కోసం వెదుకుతూనే ఉంది. నా ఈడువాళ్లారా, మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ కాగితం పక్కన పెట్టండి. చేతులు కడుక్కుని వెళ్లి గుడ్డ తీసి బొడ్డు చూడండి. ఏమైనా రాసి ఉంటే, రాసింది ఎంత పెద్దవాళ్లయినా సరే, బిడ్డను ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.