గడ్డిమందు డబ్బాతో పాలంపేటకు

పన్నెండు రూపాయల బొక్కెనను రెండు రూపాయలకే కొట్టేసిన మొనగాణ్ణి హన్మకొండ చౌరస్తా మొత్తంలో నేనొక్కణ్ణే. అది గడ్డిమందు ఖాళీ డబ్బా. కిరాణం ఇంట్లో పుట్టినవాడికి ఖాళీ డబ్బాను వదిలేయడానికి చేతులు రావు. రూపాయిచ్చి పిడిగా ఒక కడ్డీని టంకం పెట్టించి, పాలంపేటలో కొత్తగా బావి తవ్వించుకున్న మా అక్కకు పంపాను. నెల తిరక్కుండానే కబురొచ్చింది. దాంతో తోడిన నీళ్లు పోసిన మిరపనారు ఆకులన్నీ మెలితిరిగాయట.

తెలిసిన వ్యవసాయాధికారిని అడిగితే, డబ్బా అడుగున అంటుకున్న మందు నీళ్లలో కలిసిందన్నాడు. మరిగించినా పోదట, బొగ్గుపొడి మాత్రం పట్టుకుంటుందట.

పొద్దున ఆరున్నర బస్సుకు రెండు బస్తాల బొగ్గుతో బయలుదేరాను. టికెట్టూ ఆరున్నర రూపాయలే. బస్తాలకు బరువే లేదని కండక్టరుతో వాదించాను.

"బరువు లేకుంటె ఒళ్లె పెట్టుకో సేటూ" అన్నాడు. లగేజీ నాలుగు రూపాయలు కట్టాను. ములుగులో ఇడ్లీ, చాయ్ రూపాయిన్నర. క్రాస్‌రోడ్డులో దిగి, రెండు రూపాయలకు ఎడ్లబండి మాట్లాడుకుని మధ్యాహ్నానికి చేరాను.

"డబ్బా మస్తు అగ్గువకు దొరికినట్టుంది గద తమ్మీ" అంటూ అక్క అన్నం పెట్టింది. నారు దక్కకపోతే ఈ ఏడు మిరపతోట లేనట్టే అని బావ మెల్లగా చెప్పాడు. సగం అన్నంలోనే లేచి బొగ్గు బస్తా విప్పాను.

ఆయిల్ ఇంజనుతో బావి రెండుసార్లు తోడేశాం. కాలువ కింద వేరేవాళ్ల పొలాలున్నాయి కనుక ఆ నీళ్లను బావ సాగు చేయకుండా వదిలేసిన పడావు చెలకలోకే మళ్లించాం. తర్వాత డ్రమ్ములో కంకర, దాని మీద దంచిన బొగ్గు, పైన ఇసుక పరిచి, బావిలో కొత్తగా ఊరిన నీళ్లు పోశాం. మొదటి ధార సిరాలా నల్లగా వచ్చి నా తెల్లచొక్కా మీద పడింది. పదో బిందెకు తేటపడింది. పక్కింటి నుంచి తెచ్చిన నారును రెండు మళ్లలో నాటి, ఒకదానికి డ్రమ్ము నీళ్లు, ఇంకోదానికి బావినీళ్లు పోశాం.

సాయంత్రం బస్సుకు లేస్తే నా సంచి కనిపించలేదు. అక్క దాచింది.

"ఆకు సాపుగ వచ్చినంక పోదువు. అందాక బొగ్గు దంచు."

వారం దంచాను. బావినీళ్ల మడిలో చివుళ్లు ఇంకా కొంచెం ముడుచుకునే ఉన్నాయి. డ్రమ్ము నీళ్ల మడిలో కొత్త ఆకులు సాపుగా విచ్చుకున్నాయి. అవే నీళ్లు పోసిన అక్క పాత నారు కూడా తేరుకోసాగింది. అక్క బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కో ఆకునూ తిప్పి చూసింది. సంచి ఇచ్చింది. దాంతోపాటు ఆ డబ్బా కూడా నా చేతికే ఇచ్చింది.

క్రాస్‌రోడ్డులో చాయ్ హోటలాయన డబ్బాను తట్టి చూశాడు.

"అయిదు రూపాయలిస్త సేటూ. నీళ్లకు మంచిగుంటది."

రెండు రూపాయల డబ్బాకు అయిదు. నోరూరింది. ఆయన గడ్డపారే అడిగి తీసుకుని, డబ్బా అడుగున నాలుగు పోట్లు పొడిచాను. సేటుకు పిచ్చి లేసిందని అక్కడున్నవాళ్లు నవ్వారు.

బస్సులో లెక్క వేశాను. బొగ్గు ముప్పై, బస్సు రానుపోను పదమూడు, లగేజీ నాలుగు, బండి రానుపోను నాలుగు, ఇడ్లీ చాయ్ రూపాయిన్నర, బావ వద్దన్నా ఇచ్చిన డీజిల్ డబ్బులు ఇరవై, అక్కకు బేరమాడకుండా కొన్న కొత్త బొక్కెన పన్నెండు, డబ్బాకూ టంకానికీ మూడు. మొత్తం ఎనభై ఏడున్నర. చాయ్ హోటలాయన ఇస్తానన్న అయిదు రూపాయలను నష్టం కింద రాయలేదు.