ప్రార్థనలో పోయిన ‘జెర’

పటాన్‌చెరు దాటాక, ఫ్యాక్టరీ గోడల వెనుక ఉన్న ఆ చిన్న కాలేజీని ఒకప్పుడు విదేశీ ఫాదర్లు పెట్టారు. అక్కడ నేను తెలుగు చెబుతాను. మా కాలేజీ డైరీ మొదటి పేజీలో ఉదయ ప్రార్థన ఉంటుంది, దాని కింద నా పేరు. ఆ పేరు అక్కడ ఉండకూడదు.

పిల్లలు ఇంగ్లీషు ప్రార్థనకు పెదవులు మాత్రమే కదుపుతున్నారని, తెలుగులో ఒకటి రాయమని ప్రిన్సిపాల్ ఫాదర్ అడిగారు. వారమైనా నాకు ఒక్క వాక్యం రాలేదు. ఒకరోజు హాస్టల్ వంటగదిలో టీ తాగుతుంటే వంటామె గిన్నెలు తోముతూ పాడుకుంటోంది:

“జెర నిలబడు దేవా,
గిన్నెలు తోముకొని వస్త,
చేతులు తుడుచుకొని మొక్కుత.”

నేను దాన్ని “క్షణము నిలువుము ప్రభూ, పనులు ముగించి వచ్చెదను” అని మార్చి ఇచ్చాను. ఎవరిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వార్షికోత్సవంలో ఆ ప్రార్థనకు నాకు శాలువా కప్పినప్పుడు, వెనక భోజనాల దగ్గర ఆమె పప్పు వడ్డిస్తోంది.

ఇప్పుడామె పని మానేసి బీరంగూడలో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న డైరీ పట్టుకుని వెళ్లాను.

“అక్కా, ఈ ప్రార్థన నీది. నా పేరు పెట్టుకున్న.”

“సదువుండ్రి సారూ, వింట.”

చదివాను. ఆమె చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

“గిది నాదెట్లయితది? నాకు నోరే తిరగది. నా దాంట్ల జెర ఉంటది. జెర ఆగమంటెనే గద దేవుడు ఆగుతడు.”

కూతురు నవ్వింది. “మా అమ్మ గంతే సార్. దేవున్ని గూడ వంటింటి కాడ నిలవెడ్తది.”

“మరి ఎట్ల సరిచేయాలె?” అని అడిగాను.

“నేనెట్ల పాడిన్నో గట్లనే రాయిండ్రి. ఇగ మంచిగ జేయకుండ్రి.”

ఆమె కోపంగా అనలేదు. క్షమించినట్టూ అనలేదు. టీ ఇచ్చింది, తాగి వచ్చాను.

ప్రిన్సిపాల్ ఫాదర్‌కు జరిగినదంతా చెప్పాను. ఆయన కొత్త డైరీలో ఆమె మాటలు, ఆమె పేరు వేయడానికి ఒప్పుకున్నారు. ప్రింటింగ్ ప్రెస్ నుంచి నిన్న ప్రూఫ్ వచ్చింది. అక్కడెవరో ‘జెర’ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన ‘క్షణము’ అని రాశారు.

ఆ దిద్దుబాటు కొట్టేసి, ‘ఉన్నది ఉన్నట్టే వేయండి’ అని రాసి పంపాను.