విజిట్ వీసా, కోడికూర

మా ఆవిడ దుబాయ్‌లో నర్సు. నేను తణుకులో సోషల్ మాస్టారిని. గోడకు మ్యాపు తగిలించి పిల్లల చేత దేశాల పేర్లు చెప్పిస్తాను గానీ, ఒక దేశం మనిషిని లోపలికి ఎలా రానిస్తుందో నాకు చాలాకాలం తెలియదు. టిక్కెట్టు కొనుక్కుంటే చాలనుకునేవాణ్ని. నా తెలివి అంతవరకే.

ఆవిడ వెళ్లి ఏళ్లయింది. మాకు పిల్లలు లేరు. మేడమీద వాటాలో ఒక్కణ్నే ఉంటున్నాను. బడి నుంచి వచ్చి తాళం తీస్తే, పొద్దున్న టీ తాగిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. ఎవరు తీస్తారు? అది తెలిసి కూడా ఆ గ్లాసు మీద కోపం వచ్చేది. సాయంత్రం ఆవిడ ఫోను. "తిన్నారా?" అంటుంది. తిన్నానంటాను. "ఏం కూర?" అంటుంది. చెబుతాను. ఆ తర్వాత ఇద్దరం మాటల కోసం వెతుక్కుంటాం.

ఆదివారాలు మరీ అన్యాయం. చర్చి నుంచి నడిచి వస్తుంటే దారి పొడుగునా ఇళ్లలో కోడికూర వాసన. మా ఇంట్లో కూడా అంతే ఉండేది. ఆవిడ గసగసాలు నానబెట్టి, మెత్తగా నూరి, దించేముందు వేసేది. ఆవిడ నాలుక అంటే మా చుట్టాలకు హడల్. పెళ్లయిన కొత్తలో ఎవరింటికో భోజనానికి వెళితే, మొదటి ముద్దకే నా చెవి దగ్గరకు వంగి, "గసగసాలు వెయ్యలేదండీ, జీడిపప్పుతో సరిపెట్టేశారు" అంది. నాకైతే రెండూ ఒకటే. ఆ రోజు నుంచే నాకు రుచి తెలియడం మొదలైంది.

ఈ ఏడు ఆవిడ కాంట్రాక్టు మళ్లీ రెన్యువల్‌కు వచ్చింది. సంతకం పెట్టేలోగా వెళ్లి, ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడగాలనుకున్నాను. ఇంక వచ్చెయ్యవూ అని. ఫోన్లో ఆ మాట గొంతు దాటదు. నోటిదాకా వచ్చినప్పుడల్లా సిగ్నల్ బాగా లేదని నేనే పెట్టేసేవాణ్ని.

రాజమండ్రిలో ఒక ట్రావెల్స్ ఆయన దగ్గరకు వెళ్లాను.

"ఏ వీసా కావాలండి మాస్టారూ?"

"దుబాయ్ వీసా అండి."

ఆయన నవ్వలేదు, పుణ్యాత్ముడు. నాలాంటివాళ్లను రోజూ చూస్తాడేమో. "అలాక్కాదండి. పండక్కి అల్లుడు వస్తాడు చూడండి, నాలుగు రోజులుంటాడు, తింటాడు, పనీపాటా చెయ్యడు, వెళ్లిపోతాడు. అది విజిట్ వీసా. మేడం గారిది ఎంప్లాయ్‌మెంట్ వీసా అండి. హాస్పిటల్ వాళ్లు పిలిపించుకున్నారు, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఉంటారు. ట్రాన్సిట్ అని ఇంకోటుంది, ఇంకో దేశం వెళ్తూ మధ్యలో దిగేవాళ్లకి. మనకది అక్కర్లేదు."

"నేను అక్కడే ఉండిపోవాలంటేనో?" అన్నాను. ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు.

"ఫ్యామిలీ వీసా అండి. మేడం గారికి జీతం సరిపడా ఉండాలి, ఇల్లు తీసుకోవాలి, ఆవిడ మిమ్మల్ని పిలిపించుకోవాలి. కాయితాల్లో మీరు ఆవిడ డిపెండెంట్." కాస్త ఆగి, "ఇల్లరికం అనుకోండి" అని అప్పుడు నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. కోపం ఇల్లరికం మీద కాదు. ఇంకో ముగ్గురు నర్సులతో కలిసి ఒక గదిలో ఉంటోంది మా ఆవిడ. ఇల్లరికానికైనా ముందు ఇల్లంటూ ఉండాలి కదా.

విజిట్ వీసాకే పెట్టమన్నాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేకేశాడు. "మాస్టారూ! ఏ వీసా మీద వెళ్లినా గసగసాలు మాత్రం పట్టుకెళ్లకండి. అక్కడ అది మత్తుమందు కిందే లెక్క. మనవాళ్లు మసాలాలో కలిపేసి తీసుకెళ్లి ఇరుక్కుపోతున్నారండి బాబూ!"

మా చర్చిలో ఒక అలవాటుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఆరాధన అయ్యాక పాస్‌పోర్టు ముందు బల్ల మీద పెడితే పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. నాదీ పెట్టాను. పక్క వరసలోని ముసలావిడ, "ఏం పనికి వెళ్తున్నావు నాయనా?" అని అడిగింది.

"పనికి కాదండి. మా ఆవిణ్ని చూడ్డానికి."

"ఓరి దేవుడో! సొంత పెళ్లాన్ని చూసుకోడానికి కూడా వీసాయేంటి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాస్టరు గారు నా పాస్‌పోర్టు మీద చెయ్యి పెట్టి, ఇతడు వెళ్లే కార్యం సఫలం చెయ్యమన్నారు. ఏ కార్యమో ఆయనకు తెలియదు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ప్రయాణానికి ముందు మసాలా నేనే కొట్టాను. ధనియాలు, చెక్క, లవంగాలు, ఎండుకొబ్బరి. గసగసాల డబ్బా అలమరలోనే ఉండిపోయింది. పొడి వాసన చూస్తే వెలితి నాకే తెలుస్తోంది. ఆవిడ మొదటి ముద్దకే పట్టేస్తుంది. "గసగసాలేవండీ?" అంటుంది. మనింట్లో ఉన్నాయి, రా, ఇంక వచ్చెయ్యి, అంటాను. ఇదీ నా ఎత్తు. విమానంలో పెదాలు కదుపుతూ ఆ మాటే సాధన చేశాను. పక్కనున్నాయన నేను ప్రార్థన చేసుకుంటున్నానేమో అనుకుని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ఊరెళ్లిన స్నేహితురాలి గది తాళం అడిగి తెచ్చింది మా ఆవిడ. తను డ్యూటీకి వెళితే అక్కడా ఒక్కణ్నే. కిటికీలోంచి ఎదుటి కిటికీలు కనపడేవి. తణుకులోనైతే కనీసం నాకు బడి ఉంది.

ఆవిడకు సెలవు దొరికిన రోజున కూర వండాను. కంచం ముందు పెట్టుకుని, చెంచా కోసం చూసింది. తర్వాత తనే నవ్వుకుని చేత్తో కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆ ప్రశ్న కోసం చూశాను.

"అబ్బ! అచ్చం మనింట్లో కూరేనండీ" అంది.

"సరిగ్గా చూడు. ఏమైనా తగ్గిందా?"

ఇంకో ముద్ద తింది. "ఊహూఁ, ఏం తేడా లేదు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆవిడకు, సంతోషంతో. నన్ను మెప్పించడానికి అన్న మాట కాదది. ఆవిడ అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది.

నాకు ఏడుపొచ్చింది. ఎవరో పోయిన కబురు విన్నట్టయింది. కారం ఎక్కువైందని కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ మారు వడ్డించుకుంటూ, "రెన్యువల్ కాయితాలు వచ్చాయండీ. ఏం చెయ్యమంటారు?" అంది, నా మొహంలోకి చూసి.

అడగాల్సిన మాట ఆవిడే నా చేతిలో పెట్టింది. కానీ ఏ ఇంటికి రమ్మనను? ఆవిడకు గుర్తున్న ఇంటి రుచి ఇప్పుడు నేను వండిపెట్టిన, గసగసాల్లేని ఈ కూరే.

"నీ ఇష్టం" అన్నాను. సంతకం పెట్టింది. వీసా గడువులోగా తిరిగి వచ్చేశాను.

వచ్చాక మొదటి ఆదివారం చర్చి నుంచి వస్తూ కోడిమాంసం తెచ్చుకున్నాను. గసగసాలు నానబెట్టి, ఆవిడ నూరినట్టే నూరి వేశాను. ఇల్లంతా ఆ వాసనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఫోను మోగింది.

"ఏం కూర?"

"కోడికూర."

"ఇక్కడ నాకు చేసిపెట్టారే, అలాగేనా?"

గసగసాల రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

"అలాగే. ఏం తేడా లేదు" అన్నాను.