ఇవాళ నాకు కత్తి వద్దు

"ఇవాళ నాకు కత్తొద్దే సత్యవతీ. మట్టి దగ్గర కూర్చుంటాను" అన్నారు మార్తమ్మగారు. "సరేనండి" అన్నాను నేను. మా ఇద్దరి మధ్యా నడిచిన చివరి మాటలు ఇవే.

ఈ పొద్దున ఎర్రమట్టిలో కొబ్బరి పొట్టు కలిపి నీళ్ళు చల్లుతుంటే ఆ వాసన లేచింది. వానకి తడిసిన నేల వాసన కాదు. అందులో పశువుల ఎరువు ఘాటు ఉంటుంది, నానిన పొట్టు పులుపు ఉంటుంది. కడియం నర్సరీల్లో పనిచేసినవాళ్ళకి స్నానం చేసినా పోని వాసన. అది తగలగానే నాకు చేతులాడలేదు. అందుకే మా చెల్లెలి కూతురు శిరీషని కూర్చోబెట్టి చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. రాత దానిది, మాటలు నావి.

మార్తమ్మగారు మా నర్సరీలో ఆడకూలీలకి మేస్త్రి. పొట్టి మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, నడుముకి గోనెపట్టా. అంటుకట్టే కత్తులన్నీ ఆవిడ రేకు డబ్బాలో ఉండేవి. పొద్దున్నే ఒక్కొక్కరి మొహం చూసి మరీ చేతికిచ్చేవారు. మా ఆయన పోయిన ఏడాదికి నేను అక్కడ పనిలో చేరాను. ఇంట్లో మా అత్త, నేను. అత్తకి పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది, నోరు మాత్రం పడిపోలేదు. పని నేర్చుకుని చేతికి కత్తి వచ్చిన కొత్తలో, ఒకరోజు నేను జావ తాగిస్తుంటే గిన్నె తోసేసి, "నా కొడుకుని మింగావు, నన్నెప్పుడు మింగుతావే" అంది. చీర మీద ఆ జావ మరకతోనే పనికి వెళ్ళాను. మార్తమ్మగారు నాకు ఇవ్వబోయిన కత్తి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు మట్టి దగ్గరికెళ్ళమ్మా."

"నేనేం తప్పు చేశానండి?"

"ఇంకా చెయ్యలేదు. అందుకే వెళ్ళమంటున్నాను."

మట్టి సంచులు నింపడం కొత్తగా వచ్చినవాళ్ళ పని. అందరి ముందూ నన్ను కిందకి దించేశారని ఉడికిపోయాను. కాసేపటికి ఆవిడే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని సంచులు నింపడం మొదలుపెట్టారు. ఏమీ అడగలేదు. నాకే ఉండబట్టలేక, "ఏమైందని అడగరేంటండి?" అన్నాను. "అడిగితే నువ్వు చెప్పాలి కదా. చెప్పాలనుంటే చెప్పు, లేదంటే ఆ సంచి మూతి సరిగ్గా పట్టుకో" అన్నారు. మూతి పట్టుకున్నాను. పది సంచులయ్యాక నాకు తెలియకుండానే అంతా చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు. ఊఁ కొడుతూ మట్టి పోశారు.

అయినా నాకు వెంటనే బుద్ధి రాలేదు. నెల తిరిగాక ఇంట్లో మళ్ళీ పెద్ద గొడవైంది. ఆ రోజు మట్టి దగ్గరికి పోవడం నామోషీ అనిపించి, కాలవలో మొహం కడుక్కుని నవ్వుకుంటూ వెళ్ళి కత్తి తీసుకున్నాను. గులాబీలకి అంటు కట్టే పని. మేలురకం కొమ్మ నుంచి మొలకెత్తే కన్నుని చెక్కులా తీసి, నాటు గులాబీ బెరడులో దోపి టేపు చుట్టాలి. రోజంతా చేతులు కడుతూనే ఉన్నాయి, చెవుల్లో అత్త మాటలు తిరుగుతూనే ఉన్నాయి. మూడు వారాలకి టేపులు విప్పితే కన్నులన్నీ తలకిందులుగా ఉన్నాయి. కొమ్మని తిరగేసి పట్టుకుని కోశాను. నూట యాభై మొక్కలు.

రైతుగారు, అంటే మా నర్సరీ యజమాని, వచ్చి, "ఎవరు కట్టారివి?" అన్నారు. "నా కింద కట్టినవేనండి. నేనే చూసుకోలేదు" అన్నారు మార్తమ్మగారు. నలుగురి ముందూ ఆయన చేత మాట పడ్డారు. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగారు. "నువ్వు మట్టి అడగడానికి సిగ్గుపడ్డావు. ఇప్పుడు చూడు, ఇన్ని మొక్కలు శీర్షాసనం వేశాయి." అందరూ నవ్వారు. నాకూ ఏడుపులోంచి నవ్వొచ్చింది. "బాగోలేదని నోరు తెరిచి చెప్పడం కూడా పనేనమ్మా. నేర్చుకో" అన్నారు.

నేర్చుకున్నాను. ఇంట్లో కూడా ఒకరోజు జావ గిన్నె పక్కన పెట్టి, "అత్తా, ఇవాళ నా మనసేం బాగోలేదు. కాస్త ఆగి తాగిస్తాను" అన్నాను. తిడుతుందనుకున్నాను. పైకప్పు వైపు చూస్తూ, "నాది మాత్రం బాగుందా ఏంటి" అంది. తిట్లు మానలేదు గానీ, గిన్నె మాత్రం మళ్ళీ తొయ్యలేదు.

ఇక ఆ చివరి రోజు. శనివారం. లారీ వచ్చి లోడుకి నిలబడి ఉంది, అంతా హడావిడి. మార్తమ్మగారు రేకు డబ్బా నా చేతిలో పెట్టి ఆ మాటన్నారు. నేనున్న పదకొండేళ్ళలో ఆవిడ తనకోసం మట్టి అడగడం అదే మొదటిసారి. అది నాకు తట్టలేదు. డబ్బా నాకిచ్చారన్న గర్వమే తట్టింది. మధ్యాహ్నం అంత దూరం నుంచి చూశాను, మట్టికుప్ప దగ్గర ఒక్కరే కూర్చున్నారు. ఈ వరస అయిపోగానే వెళదామనుకున్నాను. వరస అయ్యాక ఇంకో వరస వచ్చింది. లోడు అయ్యేసరికి ఆవిడ వెళ్ళిపోయారు. ఆదివారం చర్చికి బయల్దేరబోతూ గుమ్మంలోనే కూలబడి ప్రాణం విడిచారని కబురొచ్చింది. ఆవిడ మనసులో ఏముందో ఇంట్లోవాళ్ళకీ తెలియదు. సోమవారం వెళ్ళి చూస్తే ఆవిడ నింపిన సంచులు వరసగా ఉన్నాయి. చివరిది సగమే నిండి ఉంది. దాన్ని నేను నింపలేకపోయాను, పారబొయ్యలేకపోయాను.

ఇప్పుడు మేస్త్రిని నేను. అత్తా పోయింది. ఎవరైనా "ఇవాళ కత్తొద్దండి" అంటే లారీ హారన్ కొడుతున్నా సరే, వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. ఏమీ అడగను, మట్టి పోస్తాను. నాకే కత్తి వద్దనిపించిన రోజు మాత్రం ఎవరితో అనాలో తెలియదు. డబ్బా మూత వేసి, వెళ్ళి కుప్ప దగ్గర కూర్చుంటాను. సంచి మూతి నేనే పట్టుకుని నేనే పోసుకుంటే సగం మట్టి కిందే పడుతుంది.

శిరీషా, నేను "సరేనండి" అన్నానని మొదట్లో రాశావు కదా. అంతటితో ఆపితే బాగుండదని ఇంకో రెండు మంచి మాటలు నా నోట్లో పెట్టలేదు కదా. పెట్టకమ్మా. ఆవిడ అడిగిన రోజు నేనన్నది అంతే. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు. నెమ్మదిగా చదువు, వింటాను.