మిస్టర్ మా నాయన

మా నాయన పేరుకు ఆరక్షరాలు. ఆ ఆరూ వరసగా, ఒక్కటీ తెగిపోకుండా పలికినవాళ్ళను డిగ్రీ చేతికొచ్చేదాకా నేను చూడలేదు. ఆయన పనిచేసే తోట యజమాని ఉన్నాడే, నాయన కంటే ఆరేళ్ళు చిన్నవాడు, మొదటి రెండక్షరాలు ఉంచుకుని మిగతావి కోసేసి చివర ‘గా’ తగిలిస్తాడు. ముందు ‘ఒరేయ్’ సరేసరి. తమిళనాడులో హోసూరు దగ్గర, తళి పక్కన మా ఊళ్ళో క్యాబేజీ ఆకుల మీద మంచు ఆరకముందే ఆ కేక మా వీధిలో వినిపిస్తుంది.

మా అమ్మ సంగతి వేరు. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఎవరో చిన్నప్పుడే చెప్పి పెట్టారు. ముప్పై ఏళ్ళుగా ‘ఇదో’, ‘పాప వాళ్ళ నాయన’, ఈ రెండింటితోనే సంసారం నడిపింది. రేషన్ అంగట్లో పేరడిగితే పక్కింటామె వైపు చూసేది. పక్కింటామె చెప్పేది.

ఆ ఆరక్షరాలు ఎంత దూరం పోయి వచ్చాయో చెప్పాలని నాకు నోరు ఊరుకోవడం లేదు. సంతోషంగా చెప్పాల్సిన కబురే. కానీ మొదలుపెట్టగానే ఒళ్ళు మండుతుంది, నేనేం చేయను?

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. తోటల పెంపకంలో బీయస్సీ. పట్టా ఇచ్చే రోజు ముగ్గురం హోసూరుకు వచ్చి కృష్ణగిరి బస్సెక్కాం. నాయన చొక్కా కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. కండక్టరు అడక్కముందే ఆయన చెప్పేశాడు.

“మా పాప డిగ్రీ వాంగేకి పోతా ఉండామప్పా!”

“నిండా సంతోషమప్పా. డిగ్రీకి టికెట్టు లేదు, మనుషులకే. మూడు కదా?”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుకు నా నవ్వు అక్కడితో సరి.

పట్టా మీద నా పేరు నిండుగా ఉంది. దాని ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన చుక్క. అంతే నాయన. ఆయన పేరు పూర్తిగా రాయమని నేను ముందే అర్జీ పెట్టుకున్నాను. ఆఫీసులో గుమాస్తాను పోయి అడిగాను.

“ఇనీషియల్ చాలుమ్మా. మీ నాయనేమన్నా పరీక్ష రాసినాడా?”

నా ఫీజు కోసం ఆయన ఎన్ని కూరగాయల మూటలు మోశాడో ఆ గుమాస్తాకు చెప్పాలనుకున్నాను. పట్టా తీసుకుని వచ్చేశాను. బయట వేపచెట్టు కింద నాయన ఆ అక్షరం మీద వేలు పెట్టి అడిగాడు.

“ఇదేనా నేను?”

“అవును నాయనా.”

“ఈ చుక్క?”

“అదీ నువ్వే.”

“పరవాలేదే, ఇద్దరమయినాము,” అని నవ్వాడు. నాకు పళ్ళు నూరుకోవాలనిపించింది.

తర్వాత మా ఊరి దగ్గరే గులాబీల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలకల్లా నన్ను హాలండుకు వారం శిక్షణకు పంపిస్తామన్నారు. పాస్‌పోర్టు కోసం హోసూరులో బ్రౌజింగ్ సెంటరుకు పోయాను. దాన్ని నడిపే ఆమె టకటకా కొడుతూ ఒకచోట ఆగింది.

“సర్‌నేమ్ ఏమి?”

“మాకట్లాంటిది లేదక్కా. ఇనీషియలే.”

“ఈ గడి ఖాళీగా ఉంటే రేపు యాడికి పోయినా తకరారే. మీ నాయన పేరు వేసేస్తా.”

వేసేసింది. నేను తలూపాను. డిగ్రీ చదివినదాన్ని! అక్కడ ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బెంగుళూరు విమానాశ్రయంలో నా పరువు అలా పోయేది కాదు.

నన్ను సాగనంపడానికి అమ్మా నాయనా గేటు దాకా వచ్చారు. తుపాకి వేసుకున్న జవాను నా టికెట్టు చూసి సర్‌నేమ్ గట్టిగా చదివాడు. హిందీ యాసలో అయినా ఆరక్షరాలూ చదివాడు. నా వెనకనుంచి నాయన చెయ్యెత్తాడు.

“నేనే సార్!”

పంచె సర్దుకుని గేట్లోకి వచ్చేశాడు. జవాను అడ్డం పెట్టాడు. టికెట్టు ఎవరిది అన్నాడు. నాయన నన్ను చూపించాడు. పేరు ఎవరిది అన్నాడు. నాయన తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ జవాను మా ఇద్దర్నీ పక్కకు నిలబెట్టి పై అధికారిని పిలిచాడు. ఆయనకు మాలాగే కన్నడం వచ్చు, అదొక్కటే మా అదృష్టం. అంతా విని, అనుమానం తీరక, అమ్మ వైపు తిరిగి ఈయన పేరేమిటమ్మా అని అడిగాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా పాప వాళ్ళ నాయన.”

“పేరమ్మా, పేరు.”

“ఆయన్నే అడగప్పా. ఆయనకి తెలుసు.”

అధికారి మొహం మారిపోయింది. కట్టుకున్న పెళ్ళానికే పేరు తెలియదంటే వీళ్ళెవరో అనుకున్నట్టున్నాడు. వెనక వరసలో పెట్టెలతో నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు. నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను.

“ఒక్కసారి చెప్పేస్తే ఏమయితాదమ్మా? విమానం పోతాది!”

“విమానం పోతే ఇంకోటి వస్తాది పాపా. ఆయనకేమన్నా అయితే?”

చివరికి నాయన బొడ్లో దోపుకున్న సంచిలోంచి ఆధార్ కార్డు తీశాడు. అధికారి పాస్‌పోర్టులో తండ్రి పేరు, కార్డు మీద పేరు పక్కపక్కన పెట్టి చూసి, తల కొట్టుకుని నన్ను లోపలికి తోశాడు. తిరిగి చూస్తే నాయన అద్దం అవతల జవానుతో చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు. నా డిగ్రీ సంగతే అయి ఉంటుంది.

హాలండులో దిగి బయటికి వచ్చాను. పేర్లు రాసిన అట్టలు పట్టుకుని చాలామంది డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నా పేరు కోసం ఆ కొస నుంచి ఈ కొస దాకా మూడుసార్లు నడిచాను. లేదు. ఒక పొడుగాటి మనిషి అట్ట మీద మాత్రం ‘మిస్టర్’ అని, కింద మా నాయన పేరు ఉంది. ఈ ఊళ్ళో కూడా ఆ పేరున్నవాళ్ళు ఉన్నారే అని ముచ్చటపడి ఆయన ముందునుంచే నాలుగోసారి పోయాను! గంటసేపు చలిలో నిలబడి కంపెనీని తిట్టుకున్నాక అప్పుడు వెలిగింది, నా సర్‌నేమ్ చూసి మగవాడనుకుని రాసిన ఆ మిస్టర్ నేనేనని. పోయి చెబితే ఆ డ్రైవరు నా వెనక మగమనిషి ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడు.

ఇక వారమంతా అదే. హోటల్లో మిస్టర్, భోజనాల దగ్గర మిస్టర్. మెడలో వేసుకునే బ్యాడ్జి మీద కూడా మిస్టర్ పక్కన నాయన పేరు లావుగా, కింద నా పేరు చీమల్లా. అది మా నాయన పేరయ్యా, నాది ఇది అని మా శిక్షకుడికి మూడుసార్లు చెప్పాను. నెత్తి నెరిసిన మనిషి, పాపం అలాగే అలాగే అనేవాడు, మర్నాడు జాబితా చూసి మళ్ళీ మిస్టరే. కష్టపడి చదివింది నేను, ఆరు నెలలు గులాబీ ముళ్ళు గుచ్చుకున్నది నాకు, పేరు ఆయనదా అని ఉడికిపోయాను.

అయితే ఒకటి చెప్పాలి. మొదటిరోజే ఆ శిక్షకుడు ఆ పేరు ఎలా పలకాలో నన్ను అడిగి కాగితం మీద రాసుకున్నాడు. మధ్యలో నాలుక మడతపడితే ఊరుకోలేదు, వెనక్కి పోయి మొదటినుంచి పలికేవాడు. నాలుగో రోజుకు ఆరక్షరాలూ శుభ్రంగా వచ్చాయి. నాలుగు రోజులు! నా కోపం అప్పుడు హాలండునుంచి లేచి తిన్నగా మా ఊరి తోట యజమాని మీదికి పోయింది.

ఇంటికి రాగానే ఇదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. నాయన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని వింటున్నాడు.

“మిస్టరంటే ఏమి పాపా?”

“గారు అన్నట్టు నాయనా.”

“గారా! నన్నా?” అని అమ్మ వైపు తిరిగాడు. “వింటివా? నువ్వూ ఒకసారి అనరాదా?”

“పోప్పా, బిడ్డ ముందర సిగ్గులేదా,” అంది అమ్మ. బ్యాడ్జిని మాత్రం కొంగుతో తుడిచి క్యాలెండరు పక్క మేకుకు తగిలించింది.

మర్నాడు పొద్దున నాయన తింటూ ఉండగా వాకిట్లోంచి కేక. ‘ఒరేయ్’, రెండక్షరాలు, ‘గా’. “మోటారు వెయ్యల్ల, రారా!” నాయన తినేది వదిలి లేవబోయాడు. నేను ఆయనకంటే ముందు లేచాను. ఏం అంటానో నాకే తెలియదు. అమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

“నువ్వు గమ్మునుండు.”

తనే గడప దగ్గరికి పోయింది.

“ఎవరు కావాలప్పా?”

“ఎవరేంది? వాడే.”

“నువ్వు పిలిచిన పేరోళ్ళు ఈ ఇంట్లో లేరప్పా.”

“పొద్దున్నే ఎగతాళా? నీ మొగుడు యాడమ్మా?”

“ఆయన పేరు అది కాదు.”

“ఇంకేం పేరు?”

అమ్మ నోరు తెరిచింది. మూసింది. ఆయుష్షు భయం! ఇక అయిపోయింది అనుకున్నాను. ఆమె గిరుక్కున లోపలికి వచ్చి, మేకుకున్న బ్యాడ్జి తీసుకుపోయి ఆయన మొహం ముందు పట్టింది.

“నాకు ఇంగ్లీషు రాదు. నువ్వు చదువుకున్నోడివి కదప్పా, చదువు.”

ఆయన కళ్ళు చిట్లించాడు. “మిస్టర్...” అన్నాడు. మధ్యలో తడబడి తలెత్తాడు.

“ఇదా వాడి పేరు?”

ఇరవై ఏళ్ళుగా తన తోటలో పనిచేసే మనిషి!

“పూరా రాలేదు. మళ్ళా మొదట్నుంచి చదవప్పా,” అంది అమ్మ.

చదివాడు. ఆరూ వచ్చాయి.

“వస్తా ఉండానప్పా!” అని లోపల్నుంచి నాయన చెయ్యి కడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ పై రోజు ఆ మహానుభావుడు వాకిట్లో నిలబడి మళ్ళీ ‘ఒరేయ్’ అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి, మేకుకున్న బ్యాడ్జి తీసుకుని గడప దగ్గరికి పోయింది.